పద్నాలుగేళ్లప్పుడు మీ ఇంట్లో ఎక్కువ సంపాదించింది ఎవరు?

ఇంగ్లండ్‌లోని మిడ్‌ల్యాండ్స్ నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం చదువుతోంది. పేరు, ఊరు, యూనివర్సిటీ బయటికి రాకూడదంది. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

2019 చివర్లో, తనకు పన్నెండేళ్లప్పుడు, అమ్మానాన్నలతో తెనాలి నుంచి వచ్చింది. అమ్మకు ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ఇల్లు కదిలింది. నాన్న ఎంఎస్సీ మ్యాథ్స్, అక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చి, మంచిది దొరికేదాకా అనుకుని వేర్‌హౌస్‌లో చేరారు. ఇప్పటికీ అక్కడే, నైట్ షిఫ్టుల్లో. "ఏ లెవెల్ (ఇక్కడి ఇంటర్ లాంటిది) మ్యాథ్స్ మొత్తం నాన్నే చెప్పారు మేడమ్. పొద్దున ఏడింటికి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, నేను స్కూలుకి బయల్దేరేలోపు ఓ గంట కూర్చునేవారు" అని రాసింది. 2024 చివర్లో వీళ్లకు ఐఎల్‌ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. అందువల్ల ఇక్కడి పిల్లలు కట్టే ఫీజుకే, స్టూడెంట్ లోన్ మీద చేరగలిగింది.

ఇక అసలు సంగతి. లండన్‌లోని పెద్ద లా ఫర్ములు కొన్ని మొదటి సంవత్సరం లా విద్యార్థుల కోసం ఇన్‌సైట్ స్కీములు పెడతాయి. ఒకట్రెండు రోజుల నుంచి ఓ వారం పది రోజుల దాకా ఆఫీసులోకి పిలిచి, లాయర్ల పక్కన కూర్చోబెట్టి, పని ఎలా ఉంటుందో చూపిస్తారు. అక్కడ బాగా చేసినవాళ్లను కొన్ని సంస్థలు మరుసటి ఏడాది వెకేషన్ స్కీముకి దగ్గరి దారిలో తీసుకెళ్తాయి. వెకేషన్ స్కీము అంటే సెలవుల్లో ఆఫీసులో కొన్నాళ్ల పని. అక్కడి నుంచి లాయరుగా తయారయ్యే రెండేళ్ల శిక్షణ ఉద్యోగానికి, అంటే ట్రెయినింగ్ కాంట్రాక్టుకి, దారి. అందుకని పోటీ విపరీతం. ఈ అమ్మాయి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పదకొండు సంస్థలకు అప్లై చేసింది. ఏడు చోట్ల కాదన్నారు. ఒకటి ఆన్‌లైన్ టెస్టు దాకా వెళ్లి ఆగింది. మూడింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఈ ఫారాల్లో ఇంటి నేపథ్యం కూడా అడుగుతారు, వెనకబడిన ఇంటి నుంచి వచ్చినవాళ్లకు కొంత మొగ్గు ఉంటుంది. దాని మీద లండన్‌లో ఉండే పెదనాన్నగారి అబ్బాయి ఒక కిటుకు చెప్పాడట. "ఇంట్లో సంపాదించేది నాన్న, వేర్‌హౌస్ అని పెట్టు. మీ ఇంట్లో యూనివర్సిటీకి వెళ్లిన మొదటి మనిషివి నువ్వే అని టిక్ కొట్టు. ఇండియా డిగ్రీలు ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. మౌనంగా ఉన్న మూడింటిలో ఒకదాంట్లో ఈ అమ్మాయి అప్పటికే ఆ టిక్ కొట్టేసింది. ల్యాప్‌టాప్ తెరిచి ఉండగా నాన్న చూశారు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "నా సంగతులు చెప్పుకుని ఉద్యోగం అడుక్కోవద్దు" అన్నారు. అమ్మ మాత్రం "నీ భవిష్యత్తు, నీ ఇష్టం. ఆయన సంగతి నేను చూసుకుంటా" అంది. ఇంకా రెండు అప్లికేషన్లు ఉన్నాయి, గడువు జనవరి నెలాఖరు. మధ్యలో పరీక్షలు. "టిక్ కొట్టనా వద్దా? నాన్న గురించి రాయనా వద్దా? అసలు ఇవన్నీ వదిలేసి చదువుకోనా?" అని అడుగుతోంది. ఒక అప్లికేషన్ కాపీ కూడా జత చేసింది.

* * *

అమ్మా, నువ్వు నా కూతురికంటే చిన్నదానివి, అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను. లండన్‌లో ఒక లా ఫర్ములో కొన్నేళ్లు పనిచేశాను. ఏటా చలికాలంలో ఇలాంటి అప్లికేషన్ల కట్ట ఒకటి నా నెత్తిన కూడా పడేది. ఆ అనుభవంతో చెబుతున్నాను. నువ్వు పంపిన కాపీ చదివాక, ఆ తిరస్కరణలకీ ఈ టిక్కులకీ పెద్దగా సంబంధం లేదనిపించింది. దాని సంగతి తర్వాత. ముందు టిక్కులే చూద్దాం, ఇంట్లో మంట అక్కడుంది కాబట్టి.

ఫారంలో ప్రశ్నను మళ్లీ ఒకసారి నిదానంగా చదువు. "నీకు సుమారు 14 ఏళ్లున్నప్పుడు మీ ఇంట్లో ఎక్కువ సంపాదించే వ్యక్తి ఏం పని చేసేవారు?" ఇది ఏ సంస్థో సొంతంగా అల్లింది కాదు. బ్రిటన్‌లో సోషల్ మొబిలిటీ కమిషన్ అని ప్రభుత్వ సంస్థ ఒకటుంది. మనిషి ఎలాంటి ఇంటి నుంచి వచ్చాడో తెలుసుకోవడానికి ఈ ప్రశ్న అడగండని యాజమాన్యాలకు చెప్పింది అదే. నీకు పద్నాలుగేళ్లు వచ్చింది 2021లో. అప్పుడు మీ ఇల్లు నడిచింది అమ్మ జీతం మీద. ఆ ప్రశ్న కింద ఇచ్చే జవాబుల్లో, వృత్తి నిపుణుల వరుసలో, టీచరు పక్కనే నర్సు అని పేరు పెట్టి మరీ ఉంటుంది. కాబట్టి నీ జవాబు అదే. దాని ప్రకారం నువ్వు 'వెనకబడిన ఇంటి' లెక్కలోకి రావు.

ఇది నీకు అన్యాయంగా అనిపిస్తే తప్పు పట్టను. వీసా ఫీజులు, ఊళ్లో అప్పులు, నాన్న ఇరవయ్యేళ్ల అనుభవం ఇక్కడ చెల్లకపోవడం, ఇవేవీ పట్టే గడి ఆ ఫారంలో లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలను మనసులో పెట్టుకుని తయారుచేసిన ప్రశ్న అది. దేశం మారి, ఒకరు మెట్టు ఎక్కి ఇంకొకరు నాలుగు మెట్లు దిగిన ఇల్లు అందులో ఇమడదు. కానీ ప్రశ్నకు చూపు చాలకపోతే జవాబు మార్చే హక్కు మనకు రాదు. మనసొప్పకపోతే 'చెప్పదలచుకోలేదు' అనే గడి ఎలాగూ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఆ ప్రశ్న వల్ల వచ్చే లాభం రాదు, నష్టమూ ఉండదు.

రెండో టిక్కు ఇంతకంటే తేలిక, ఇంతకంటే ప్రమాదం. అమ్మానాన్నల్లో ఎవరూ యూనివర్సిటీకి వెళ్లలేదా అని అడిగితే నీ జవాబు 'వెళ్లారు'. ఈ దేశంలో చదివారా అని ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఏ దేశంలో చదివినా డిగ్రీ డిగ్రీయే.

ఇక్కడ నాన్నగారి మాట ఒకసారి ఆలోచించు. వేర్‌హౌస్ సంగతి బయటపడిందని ఆయన మూడు రోజులు మాట్లాడటం మానేశారని నువ్వు అనుకుంటున్నావు. నాకలా అనిపించడం లేదు. వేర్‌హౌస్‌లో ఉన్నట్టు ఆయన తోటివాళ్లందరికీ తెలుసు, మీ బంధువులకీ తెలుసు. ఆ రోజు స్క్రీన్ మీద ఆయన చూసింది తన కూతురు వేసిన టిక్కు. అందులో ఆయన ఎంఎస్సీ లేదు. ఈ దేశం ఆయన డిగ్రీని లెక్కలోకి తీసుకోకపోతే ఓర్చుకున్నారు. నువ్వు కూడా తీసేస్తే? పొద్దున్నే ఏడింటికి నీకు క్యాలిక్యులస్ చెప్పిన మనిషి ఏ చదువుతో చెప్పారు మరి? ఆయన్ని అడగకుండా ఇలా ఊహించడం నా సాహసమే. తప్పయితే మన్నించు. కానీ నువ్వైనా ఒకసారి అడుగు.

ఇప్పుడు ఆ ఒక్క ఫారంలో కొట్టేసిన టిక్కు సంగతి. నీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. బహుశా అక్కడా కాదంటారు, కథ ముగుస్తుంది. కానీ ఎంపికైతే? అప్పుడు అబద్ధం పునాదిగా ఆ ఆఫీసులోకి అడుగు పెడతావు. రెండేళ్ల తర్వాత అదే సంస్థలో ట్రెయినింగ్ కాంట్రాక్టు వస్తే, చేరే ముందు వివరాలన్నీ తనిఖీ చేస్తారు. సొలిసిటర్‌గా, అంటే ఇలాంటి ఫర్ముల్లో పనిచేసే లాయరుగా, నమోదయ్యే ముందు వాళ్లను నియంత్రించే సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ నీ నడవడి, యోగ్యత చూస్తుంది. ఆ సంస్థ పెట్టిన ఏడు మూలసూత్రాల్లో నిజాయితీ ఒకటి, నైతిక నిబద్ధత ఇంకొకటి. రెండూ ఒకటే కదా అనుకోకు, విడివిడిగానే రాశారు. ఉద్యోగ దరఖాస్తుల్లో చదువు గురించి అబద్ధం చెప్పి, ఏళ్ల తర్వాత బయటపడి, సొలిసిటర్ల జాబితా (రోల్స్) నుంచి పేరు కొట్టేయించుకున్న సొలిసిటర్లు ఉన్నారు. వేరే ఉద్యోగాల్లో చూసీ చూడనట్టు వదిలేసేది ఈ వృత్తిలో వదలరు.

రెండో దారి, అప్లికేషన్ వెనక్కి తీసుకోవడం. శుభ్రమే, కానీ అవకాశం పోతుంది. మూడోది, రిక్రూట్‌మెంట్ టీముకి రెండు వాక్యాల మెయిలు. "నా ఫారంలో తల్లిదండ్రుల చదువు గురించిన ప్రశ్నకు తప్పుగా జవాబిచ్చాను. నా తండ్రికి భారతదేశంలో పొందిన డిగ్రీ ఉంది, దయచేసి సరిచేయగలరు." అంతే. అన్నయ్య ఊసు, సంజాయిషీ, కన్నీళ్లు వద్దు. ఆ టిక్కు ఉన్నవాళ్లకే పరిమితమైన స్కీము అయితే నీకు అర్హత లేదంటారు. లేకపోతే సరిచేసి ముందుకు పంపుతారు. ఇలాంటి మెయిలు వచ్చిందని ఎవరినైనా తక్కువగా చూసిన సందర్భం నాకు తెలియదు. మూడిట్లో ఏది ఎంచుకోవాలో నీ ఇష్టం. నేనైతే ఈ రాత్రే మెయిలు పంపుతాను.

అన్నయ్య మీద కోపం పెంచుకోకు. అతని రంగంలో రెజ్యూమేలో రెండేళ్ల అనుభవాన్ని మూడేళ్లని రాయడం గాలి పీల్చినంత మామూలేమో. నీ రంగం వేరు, అంతే.

నీకు న్యాయంగా దక్కేది ఏమీ లేదా అంటే, ఉంది. నువ్వు చదివింది మామూలు ప్రభుత్వ స్కూలు. ఫలితాల్లో జిల్లా సగటు కంటే కింద ఉండేదని నువ్వే రాశావు. చాలా సంస్థలు ఇప్పుడు మార్కులను విడిగా చూడవు. రేర్ అనే కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ లాంటివి వాడి, ఆ స్కూల్లో మిగతా పిల్లలకు వచ్చిన మార్కుల పక్కన పెట్టి చూస్తాయి. నువ్వు చేయాల్సిందల్లా స్కూలు పేరు, జీసీఎస్‌ఈ (ఇక్కడి పదో తరగతి లాంటిది) గ్రేడ్లు ఒక్కోటీ తప్పు లేకుండా నింపడం. మిగతా లెక్క అదే వేసుకుంటుంది. ఇంకో సంగతి, వివక్ష లేకుండా చూసుకోవడానికి ఫారం చివర అడిగే వివరాలు వేరు, ఎంపికలో లెక్కలోకి వచ్చే వివరాలు వేరు. ఏది ఏదో ఆ పేజీ మీదే రాసి ఉంటుంది. సాధారణంగా ఎవరూ చదవరు. లా చదివే పిల్లవి, నువ్వు చదువు.

నాన్న గురించి రాయాలా అన్న ప్రశ్నకు నా దగ్గర అవును, కాదు అనే జవాబు లేదు. అసలు రాయకపోతే అప్లికేషన్‌కి లోటేమీ రాదు, ఇంట్లోనూ శాంతి. వ్యాసం మొత్తం దాని చుట్టూనే తిప్పితే, చదివేవాళ్లకు జాలి కలుగుతుంది. కానీ వాళ్లు వెతికేది జాలి పడదగ్గ మనిషిని కాదు, రేపు క్లయింటు ముందు కూర్చోబెట్టదగ్గ మనిషిని. పైగా ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. పరాయివాళ్ల ముందు నాన్న కష్టం చెబుతూ నీ గొంతు వణకకుండా ఉంటుందా? మధ్యేమార్గం ఒకటుంది. చదువుకి ఆటంకం కలిగించిన పరిస్థితులు రాయమని ఫారంలో ఒక చోటు ఉంటుంది. అక్కడ పొడిపొడిగా నిజాలు రాయొచ్చు. పన్నెండేళ్లకు దేశం మారాను. నాలుగు నెలలకే, 2020 మార్చిలో, బడులు మూతపడ్డాయి. 2021 జనవరిలో మళ్లీ మూతపడి మార్చి దాకా తెరవలేదు. ఆ కాలమంతా అమ్మ కోవిడ్ వార్డులో డ్యూటీ చేసింది. యాభై అరవై మాటల్లో అయిపోతుంది. ఇందులో నాన్న ప్రస్తావనే అక్కర్లేదు. కావాలనుకుంటే "మా నాన్నగారు లెక్కల అధ్యాపకులు, నాకు ఏ లెవెల్ మ్యాథ్స్ ఇంట్లోనే బోధించారు" అనే వాక్యం ఇంకెక్కడైనా పెట్టొచ్చు. అది నిజం. అది ఆయనకు చూపించి, ఉంచమంటే ఉంచు.

ఇప్పుడు ఆ కాపీ దగ్గరికి వద్దాం. కోప్పడకు.

'మా సంస్థే ఎందుకు' అనే ప్రశ్నకు నువ్వు రాసిన జవాబు సారం ఇది: మీ అంతర్జాతీయ విస్తృతి, కలిసి పనిచేసే సంస్కృతి, ప్రతిష్ఠాత్మకమైన కేసులు నన్ను ఆకట్టుకున్నాయి. ఇందులో సంస్థ పేరు తీసేసి ఎదురు వీధిలో ఉన్న సంస్థ పేరు పెడితే ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అన్నయ్య స్నేహితుడెవరో పంపిన నమూనా అన్నావు, పోలిక తెలుస్తూనే ఉంది. అదే వాక్యాన్ని ఒక్క సాయంత్రంలో ముప్పైసార్లు చదివిన రోజులున్నాయి నాకు. కళ్లు వాటంతటవే కింది పేరాకి జారిపోతాయి. ఏఐతో రాయించినవాటికీ ఇదే జబ్బు. దాని వాడకం మీద ఒక్కో సంస్థది ఒక్కో నియమం, అదీ ముందే చదువుకో.

నేను చేసిన తప్పు నీకంటే ఘనమైనది. నా విద్యార్థి రోజుల్లో ఒక సంస్థకు రాస్తూ, ఫలానా కంపెనీ కొనుగోలులో మీరు చూపిన ప్రతిభ అద్భుతం అని ఒక పేరా నింపాను. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన నవ్వుతూ, "థాంక్స్. కానీ మీరు మెచ్చుకున్న వ్యూహం మా ఎదుటిపక్షంవాళ్లది" అన్నాడు. పత్రికలో హెడ్డింగ్ చూసి రాశాను, కింద ఎవరు ఎవరి తరఫున అన్నది చదవలేదు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు కదా.

నీ అప్లికేషన్లో ఉద్యోగ అనుభవం కింద ఒక వరుస ఉంది. "రిటైల్ అసిస్టెంట్: టీమ్‌వర్క్, కమ్యూనికేషన్ నైపుణ్యాలు మెరుగుపరచుకున్నాను." అదే ఉద్యోగం గురించి నాకు రాసిన ఉత్తరంలో, చివర, నవ్వులాటకి రాసినట్టు ఇలా ఉంది: "2023లో జీసీఎస్‌ఈ అయ్యాక మన తెలుగువాళ్ల కిరాణా షాపులో చేరా మేడమ్. సోనా మసూరి కోసం జనం ఎగబడినప్పుడు కౌంటర్లో నేనే ఉన్నా. ఇంటికి ఒక్క బస్తానే అని బోర్డు రాసింది కూడా నేనే. షాపు అంకుల్ హోల్‌సేలర్‌తో ఫోన్లో ఒకటే గొడవ, ముందు అనుకున్న రేటుకే ఇవ్వాలని."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, సరిగ్గా అదే చేశావు. పదకొండు చోట్ల వ్యాపార ప్రపంచం మీద ఆసక్తి ఉందని రాసి, ఆ ప్రపంచం నీ కౌంటర్ దగ్గరికే వచ్చిన రోజును ఉత్తరం చివర్లో పడేశావు.

ఆ రోజు ఏం జరిగిందో తీరిగ్గా చూడు. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలు పెరుగుతున్నాయన్నది కారణం. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం భారత్‌దే. సోనా మసూరి బాస్మతి కాదు కాబట్టి నిషేధంలో పడింది. అయితే ఆ ఉత్తర్వులో ఒక మినహాయింపు ఉంది. అప్పటికే ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకు లాంటివాటిని వెళ్లనిచ్చారు. అంటే ఒకే ఊరి నుంచి ఒకే వారంలో బయల్దేరిన రెండు లోడ్లలో ఒకటి కదిలి, ఒకటి రేవులోనే ఆగిపోయి ఉండొచ్చు. ఆగిన సరుకు నష్టం ఎవరిది? అమ్మినవాడిదా, కొన్నవాడిదా? 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేసేదాకా ఇలాంటి ప్రశ్నలు లాయర్ల దగ్గరికి వెళ్తూనే ఉండాలి మరి. ప్రపంచంలో ధాన్యం వ్యాపారం చాలామటుకు లండన్‌లోని గాఫ్టా అనే వర్తక సంఘం నమూనా ఒప్పందాల మీద, ఇంగ్లీషు చట్టం కింద నడుస్తుంది. ఎగుమతి నిషేధం వస్తే ఏం చేయాలన్న క్లాజు వాటిలో ముందే ఉంటుంది. తెనాలి చుట్టుపక్కల పండే వడ్లకీ లండన్ లాయర్లకీ మధ్య దారి ఇది. ఆ దారి నీకు కనిపించినంత సహజంగా మీ క్లాసులో ఎంతమందికి కనిపిస్తుంది?

ఇక అంకుల్ గొడవ. అది నీ మొదటి సంవత్సరం కాంట్రాక్ట్ లా సిలబస్. హోల్‌సేలర్ "నిషేధం వచ్చింది, పాత రేటుకి ఇవ్వలేను" అన్నాడు. ఇంగ్లీషు చట్టంలో ఫోర్స్ మజ్యూర్ (చేతిలో లేని కారణంతో మాట నిలుపుకోలేకపోతే ఇచ్చే మినహాయింపు) దానంతటది వర్తించదు, ఒప్పందంలో రాసుకుని ఉండాలి. రాసుకోకపోతే మిగిలేది, నెరవేర్చడం అసాధ్యమైపోతే ఒప్పందం ముగిసిపోతుందనే ఫ్రస్ట్రేషన్ సిద్ధాంతం, అది చాలా ఇరుకు. సూయజ్ కాలువ మూతపడినప్పటి త్సాకిరోగ్లూ కేసు మీ పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. సూడాన్ నుంచి హాంబర్గ్‌కి వేరుశనగ పంపాలి. కాలువ లేకపోతే ఆఫ్రికా చుట్టూ తిరిగి పంపొచ్చు, దూరం, ఖర్చు ఎక్కువైనంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు అంది హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం అదే. హోల్‌సేలర్ గోడౌన్లో అప్పటికే సరుకు ఉండి, కేవలం మార్కెట్ రేటు పెరిగిందని తిరగబడ్డాడా? లేక అతనికే సరుకు రాలేదా? రెండింటికీ జవాబు వేరు. నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు. ఆ తేడా నీకు కనబడిందని చూపిస్తే చాలు.

దీన్ని ఎక్కడ పెట్టాలన్నది సంస్థను బట్టి. ధాన్యం, షిప్పింగ్, అంతర్జాతీయ వాణిజ్య తగాదాలు చూసే విభాగం ఉన్న చోటైతే, 'మా సంస్థే ఎందుకు' అనేదానికే ఇది సూటిగా అతుకుతుంది. ప్రైవేటు ఈక్విటీ (కంపెనీలను కొని అమ్మే పెట్టుబడి నిధులు) మాత్రమే ప్రాణంగా ఉన్న సంస్థకైతే అక్కడ అతికించబోకు, తేలిపోతుంది. 'మీ దృష్టిని ఆకర్షించిన వాణిజ్య వార్త' అనే ప్రశ్నకు వాడు. ఇంకో జాగ్రత్త: షాపు పేరు, హోల్‌సేలర్ పేరు రాయకు, అంకుల్‌ని అడిగి రాయి. ఇంకొకరి వ్యాపార గొడవను ఊరూ పేరూ లేకుండా చెప్పగలగడం కూడా వాళ్లు గమనించే లక్షణమే. చూడనిది చూసినట్టు మాత్రం కలపకు. బోర్డు రాశావు, ఫోన్ విన్నావు, అంతవరకే నీది. మిగతాది చదివి తెలుసుకున్నాను అని చెప్పు.

ఆన్‌లైన్ టెస్టు గురించి ఎక్కువ చెప్పను. అది తర్కశక్తిని పరీక్షించే వాట్సన్ గ్లేజర్ అన్నావు. ఐదు భాగాలుంటాయి. మనలాంటివాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఊహల భాగంలో. లోకజ్ఞానం వాడేస్తాం. ఇచ్చిన పేరాలో ఉన్నదాన్ని బట్టే జవాబివ్వాలి, అందులో భూమి బల్లపరుపుగా ఉందంటే ఆ కాసేపూ బల్లపరుపే. ఉచిత నమూనా టెస్టులు దొరుకుతాయి. ఓ పది చేసి చూడు, నాన్నతో పోటీ పెట్టుకుని చేసినా బాగానే ఉంటుంది. లెక్కలాయన నిన్ను ఓడిస్తారేమో కూడా.

మిగిలింది రెండు అప్లికేషన్లు, పరీక్షలు. ఇక్కడ లెక్క కాస్త కఠినంగా వేసుకోవాలి. రెండో సంవత్సరం వెకేషన్ స్కీము ఫారాల్లో మొదటి సంవత్సరం మార్కులు ఒక్కో సబ్జెక్టుకీ విడివిడిగా అడుగుతారు. చాలా సంస్థలు చూసేది టూ వన్, అంటే 60 శాతం పైన. ఇప్పుడు రెండు అప్లికేషన్ల కోసం కాంట్రాక్ట్ లాలో 54 తెచ్చుకుంటే ఆ అంకె వచ్చే ఏడాది ప్రతి ఫారంలోనూ నీ వెంట వస్తుంది. మరోవైపు, చాలా సంస్థలు గడువు దాకా ఆగకుండా వచ్చినవి వచ్చినట్టే చదువుతూ పోతాయి కాబట్టి, పరీక్షలయ్యాక చివరి రోజు పంపితే సీట్లు మిగలకపోవచ్చు. రెండూ చేస్తే రెండూ సగం సగం అవుతాయి. బియ్యం కథ సహజంగా అతికే సంస్థ ఏదో చూసి, ఆ ఒక్కదాన్నే పరీక్షలయిన మర్నాడు రెండు రోజులు కూర్చుని రాయడం ఒక పద్ధతి. లేదా రెండూ వదిలేయడం. దానివల్ల కెరీర్ ముగిసిపోదు. క్లిఫర్డ్ చాన్స్ వాళ్ల స్పార్క్, లింక్‌లేటర్స్ వాళ్ల పాత్‌ఫైండర్ లాంటి మొదటి సంవత్సరం తలుపులు ఉన్నవే కొన్ని. అవి తెరుచుకోనివాళ్లు రెండో సంవత్సరం వెకేషన్ స్కీము తలుపు తడతారు, దానికి ఇన్‌సైట్ స్కీము చేసి ఉండాలన్న షరతు లేదు.

ఈలోగా మీ యూనివర్సిటీలో ఉచిత న్యాయ సలహా క్లినిక్ ఉందేమో కనుక్కో. 2021లో సొలిసిటర్ల అర్హత పరీక్ష ఎస్‌క్యూఈ వచ్చాక సొలిసిటర్ కావడానికి కావలసిన రెండేళ్ల అనుభవాన్ని నాలుగు చోట్ల దాకా విడదీసి చూపించుకోవచ్చు. సరిగ్గా పర్యవేక్షించే లా క్లినిక్కులో చేసిన పని కూడా అందులోకి రావచ్చు. ట్రెయినింగ్ కాంట్రాక్టు లేకుండా ఆ దారిన వెళ్తే పరీక్ష ఫీజులే దాదాపు ఐదు వేల పౌండ్లు సొంతంగా పెట్టుకోవాలి, పెద్ద సంస్థలైతే అవే కడతాయి. అందుకే అందరూ వాటి వెంట పడేది. ఆస్పైరింగ్ సొలిసిటర్స్, ఎస్‌ఈఓ లండన్ అని రెండు సంస్థలున్నాయి, విద్యార్థులకు ఉచితం. అప్లికేషన్ చదివి తప్పులు చెప్పేవాళ్లు అక్కడ దొరుకుతారు, అన్నయ్య స్నేహితుడి నమూనా కంటే వెయ్యి రెట్లు నయం.

ముందు ఆ మెయిలు పంపు. పరీక్షలయ్యాక ఒక శనివారం షాపుకి వెళ్లి అంకుల్‌ని ఒక్క మాట అడుగు. హోల్‌సేలర్‌తో ఆ పాత రేటు కాగితం మీద రాసుకున్నారా, వాట్సాప్‌లో అనుకున్నారా, ఉత్త ఫోన్ మాటేనా? ఆయన ఏం చెప్పారో విన్నాక రెండో పేరా మొదలుపెట్టు.